పంచదార మానేసిన మా అత్త

మా మేనత్త మొన్న మంగళవారం పొద్దున్న పోయింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే, ఆటోలో ఊపిరి ఆగిపోయిందని మావయ్య ఫోన్ చేశాడు. అప్పుడు నేను విశాఖలో మా ల్యాబ్‌లో, క్యాన్సర్ కణాలున్న గాజుపళ్లేన్ని మైక్రోస్కోపు కింద పెడుతున్నాను.

మీకెవరికీ ఆమె తెలీదు. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి, ఆమదాలవలస సంతలో అమ్మేది. అమ్మ లేని నన్ను పెంచింది. నా పుస్తకాలు ముట్టుకోవాలంటే ముందు చింతపండుతో చేతులు రుద్దుకునేది, వాసన అంటుతుందని. "ఎండున్నప్పుడే సేపని తిరగెయ్యాల" అని అందరికీ చెప్పే మనిషి, తన రొమ్ములో గడ్డ సంగతి మాత్రం ఏడాది దాచింది. హుద్‌హుద్ తుఫానుకి ఇంటికప్పు ఎగిరిపోయిన ఏడాది అది.

ఆపరేషనయ్యాక రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత దగ్గు మొదలైంది.

"రొమ్ములోది ఊపిరితిత్తుల్లోకి ఎలగెల్లిందే గుంటా?" అని అడిగింది.

నా పరిశోధన అదే. కణాల ఒంటిమీద చక్కెర గొలుసులుంటాయని, వాటిని పట్టుకునే ప్రోటీన్లు కొన్ని ఉంటాయని, రక్తంలో కొట్టుకుపోయే క్యాన్సర్ కణం ఆ పట్టు దొరికితే ఇంకోచోట దిగిపోగలదని చెప్పాను.

"ఉత్తరేణి గింజ సీరంచుకి పట్టీసినట్టా?"

"అలాంటిదే అత్తా."

మర్నాడు టీలో పంచదార వద్దంది. మూడు చెంచాలు లేనిదే గుటక మింగని మనిషి!

"అది తినే పంచదార కాదత్తా. ఒళ్లే తయారుచేసుకుంటాది. నువ్వు మానీసినా ఉంటాది."

"ఉండనీ. నా సేత్తో నానెందుకు పెట్టాల?" అంది. మొహం చిట్లించుకుంటూ చేదు టీ తాగేసింది. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆమెకి మిగిలిన ఆ కాస్త తీపినీ నా చదువే పోగొట్టింది.

ఆ పట్టు విడిపించే మందేమైనా ఉందా అని ఇంకోరోజు అడిగింది. గాజుపళ్లెంలో పనిచేస్తోందని, ఎలకల మీద చూస్తున్నామని, మనుషులకి ఇంకా రాలేదని చెప్పాను.

"నానూ ఎలకనే అనుకో. ఎయ్యి."

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నా మొహం మీంచి తిప్పలేదు. "కుదరదత్తా" అన్నాను. "సర్లే" అని నా చెయ్యి నిమిరింది. ఓదార్చాల్సింది నేను.

చివరిసారి వెళ్లినప్పుడు గుమ్మంలో సముద్రానికెదురుగా ఎండకి కూర్చుని ఉంది. సంచిలోంచి ఎక్స్‌రే తీయించింది. రెండు చేతులతో వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఈ తెల్లమచ్చలేనా?"

"అవునత్తా."

ఒక మూల నేను పట్టుకున్నాను. ఊపిరితిత్తుల నలుపులో, వెలుతురు దూరే ఆ మచ్చల్లోంచి మాత్రమే సముద్రం కనిపిస్తోంది. ఎవరిదో పడవ, ఒక మచ్చలోంచి ఇంకో మచ్చలోకి నెమ్మదిగా జరుగుతోంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.