ట్యూబు ముక్క అతికించిన బటన్

మొన్న మా ఆవిడ టీవీ రిమోటు మీద బొట్టుబిళ్ళ అతికించింది. చీకట్లో ఆపే బటన్ వేలికి తెలియాలట. మంచి ఉపాయమే, కానీ ఆ ఉబ్బు నా బొటనవేలికి తగలగానే గుండె గుభేలుమంది. టీవీ రిమోటుకు భయపడే మగాణ్ణి తనెక్కడా చూడలేదంది. నిజమే, చూసి ఉండదు.

ఖతర్‌లో ప్రపంచకప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. మా ఊరివాళ్ళ లెక్కలో నేను దుబాయ్‌లోనే ఉన్నాను, అది వేరే సంగతి. మా అక్క భర్త, అంటే బావ, చేతి రిమోటుతో క్రేను నడిపేవాడు. నేను కింద బరువులకు బెల్టులు కట్టేవాణ్ణి. ఆ రిమోటు తయారుచేసిన మహానుభావుడు ఏనాడూ తోలు గ్లౌజు తొడుక్కుని ఉండడు. పైకి లేపే బటన్, కిందికి దించే బటన్ పక్కపక్కనే, కవలపిల్లల్లా ఉండేవి. చూపేమో బరువు మీదే ఉండాలి. అందుకని బావ సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, లేపే బటన్ మీద అతికించుకున్నాడు. పక్క క్రేను నడిపే గోదావరి అన్న అది చూసి ముచ్చటపడి, తనకూ ఒక ముక్క అడిగి పట్టుకెళ్ళాడు. దాన్ని ఏ బటన్ మీద పెట్టాడో మేము అడగలేదు.

గడువు దగ్గరపడేకొద్దీ సైట్లో 'యల్లా, యల్లా' అని తొందరపెట్టడం తప్ప వేరే మాట వినబడేది కాదు. ఒక పొద్దున గోదావరి అన్న జ్వరంతో అబూ హమూర్‌లో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన క్రేను బావకు అప్పగించారు. ఆయన దించుతూ సగంలో వదిలివెళ్ళిన ఇనుప దూలం నేలకు జానెడు ఎత్తులో ఆగి ఉంది. అది ఆనడానికి కింద పెట్టిన చెక్క వంకరగా ఉంది. ఇంకాస్త లేపమని సైగ చేసి, బావ మీద నమ్మకంతో, దూలం లేవకముందే చెక్క మీద చెయ్యి వేశాను. దూలం దిగింది. బావ వేలికి ట్యూబు తగిలింది, నొక్కాడు. దిగుతోందని చూసి, ఆ కంగారులో వదలాల్సింది పోయి ఇంకా గట్టిగా నొక్కాడు. నా చెయ్యి ఎలాగో గ్లౌజులోంచి జారి బయటికొచ్చింది. గ్లౌజు దూలం కిందే ఉండిపోయింది.

బావ పక్కన కూలబడి, నా వేళ్ళు ఒక్కొక్కటే తడుముతూ, "మీ అక్కకు ఏమని చెప్తుంటిరా నేను" అన్నాడు.

సాయంత్రం గోదావరి అన్న ఆ జ్వరంతోనే మా క్యాంపు గదికి వచ్చాడు. "దించేటప్పుడే కదండీ ప్రమాదం. అందుకే గుర్తు దానికి పెట్టాను."

"లేపుడే మన పని గదన్నా. నేను దానికి వెట్టుకున్న" అన్నాడు బావ.

ఇద్దరిదీ న్యాయమే. తిట్టడానికి మనిషి దొరక్క నాకు మరింత భయమేసింది. మర్నాడు ఇద్దరూ ట్యూబు ముక్కలు పీకేశారు. ఆ తర్వాత బావ ప్రతిసారీ ఖాళీ కొక్కేన్ని కాస్త లేపి, దించి చూసుకున్నాకే నన్ను బరువు దగ్గరికి రానిచ్చేవాడు. అయినా నేను ఊపిరి బిగబట్టే నిలబడేవాణ్ణి.

ఆటలు అయిపోయాయి, మేమూ ఇళ్ళకు చేరాం. నా కుడిచేతి మీద ఈమధ్య ముడతలు పడుతున్నాయి. వయసు మీదపడిందని అందరూ దిగులుపడతారు గానీ, నాకైతే ఈ చేతికి ముసలితనం దక్కింది కదా అనిపిస్తుంది.