అడిగేవాళ్లకొక చోటు

మొన్న పొద్దున కంప్యూటరు తెరిస్తే, మా పాత ఈ-మెయిల్ జాబితాను నెలాఖరుకు మూసేస్తున్నామనీ, ఇకపై అందరూ ఫోనులోని గ్రూపులో చేరాలనీ ఇప్పటి నిర్వాహకురాలు రాసిన ఉత్తరం కనిపించింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆ జాబితాకు ఇప్పుడు రాసేవాళ్లే లేరు. అయినా ఆ నాలుగు వాక్యాలనూ రెండుసార్లు చదువుకున్నాను.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, కంప్యూటరులో తెలుగు రాయడమంటేనే ఒక సాహసమనిపించిన రోజులవి. తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా నేనూ, పేరు తప్ప ముఖం తెలియని మరో పదిమందీ కలిసి తెలుగు టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు ఒకటి తయారుచేసేవాళ్లం. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడు విప్పి చూసుకోవచ్చు, చేతనైతే బాగుచేసి నలుగురికీ పంచవచ్చు. మాకున్నది ఒకటే జాబితా. దానికి ఒకరు ఉత్తరం రాస్తే చేరినవాళ్లందరికీ అందేది. కోడు రాసేవాళ్ల వాదాలూ, వాడేవాళ్ల సందేహాలూ అన్నీ అందులోనే కలగాపులగంగా పడుతుండేవి.

ఒకసారి మేము ఏదో పెద్ద మార్పు గురించి తలలు బద్దలు కొట్టుకుంటుండగా, చిత్తూరులో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఒకాయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, ఒత్తులు పక్కకు జరుగుతున్నాయి, ఏం చేయాలని అడిగాడు. అదే ప్రశ్న మూడుసార్లు పంపాడు. నాకు విసుగొచ్చి, ఇది పనిచేసేవాళ్ల చోటు, ముందు పాత ఉత్తరాలు చదువుకుని రండి అని అందరి ముందూ రాసేశాను. ఆయన మళ్లీ రాయలేదు. నిజం చెప్పాలంటే, నేనా సంగతే మరిచిపోయాను.

ఆ ఏడాదే మా అక్క కూతురి పెళ్లి కుదిరింది. పత్రిక చూసి రమ్మని అక్క పురమాయిస్తే బావతో కలిసి చిత్తూరులో ఒక ప్రెస్సుకు వెళ్లాను. ఉర్దూలోనూ తెలుగులోనూ పత్రికలు వేసే ఆ ప్రెస్సు యజమాని, అందరూ భాయ్ అని పిలిచే ఆయన, బల్ల మీదికి వంగి, గోరంత ఒత్తులను బ్లేడుతో కత్తిరించి, జిగురు పెట్టి, అక్షరాల కింద ఒక్కొక్కటే అతికిస్తున్నాడు. వెనక తెర మీద ఉన్నది మా సాఫ్ట్‌వేరే. దాన్ని చేసినవాళ్లలో మా బామ్మర్ది ఒకడని బావ గొప్పగా నా పేరు చెప్పాడు. భాయ్ బ్లేడు పక్కన పెట్టి నావైపు చూశాడు.

“మీరు రాసింది చదివినాను సార్,” అన్నాడు నెమ్మదిగా. “తెలిసింటే అడగతానా? తెలీకనే కదా అడిగేది.”

తప్పు నాదేనని ఒప్పుకుని, ఏం జరుగుతోందో చూపించమన్నాను. తెర మీద అక్షరం ముత్యంలా ఉంది.

“ఈడ బాగనే ఉండాది. కాగితం మీదికి వస్తానే జరిగిపోతాది,” అంటూ అచ్చు తీసి నా చేతికిచ్చాడు.

అది మా కోడులోని పొరపాటే. పదిమందిమీ నెలల తరబడి తెర చూసుకుని మురిసిపోయామే గాని, ఒక్కరమూ కాగితం మీద అచ్చు తీసి చూడలేదు. ఆయన మూడుసార్లు మొత్తుకున్నది దాని గురించే.

తిరుపతికి తిరిగొచ్చి, జాబితాలో అందరి ముందూ ఆయనకు క్షమాపణ రాశాను. ఆ తరువాత వాడేవాళ్లకొకటి, కోడు రాసేవాళ్లకొకటి, రెండు జాబితాలు చేశాం. వేరుపెడితే మధ్యన గోడ లేస్తుందని కొందరన్నారు, అదీ నిజమే. అందుకని మాలో వారానికొకరు చొప్పున వాడేవాళ్ల జాబితాలో ఉండాలనీ, జవాబు దొరకని ప్రశ్నను మా దాకా తేవాలనీ కట్టడి పెట్టుకున్నాం. వాడేవాళ్ల జాబితాకు పెద్దదిక్కుగా ఉండమని భాయ్‌ని అడిగితే, ఇంగ్లీషు రాదే అని వెనకాడాడు. రాకపోవడమే మంచిది, అడిగేవాళ్లకు జంకు ఉండదన్నాను. అక్క కూతురి పత్రిక మాత్రం అతికించిన ఒత్తులతోనే అచ్చయింది. సరిచేసిన సాఫ్ట్‌వేరు పెళ్లయిన నెలకు గాని రాలేదు.

భాయ్ ఒప్పుకున్నాడు. ఏళ్ల తరబడి, కొత్తగా చేరిన ప్రతివారినీ ఏ ఊరు, ఏం పని అని అడిగి, ఆ తరువాతే జవాబు చెప్పేవాడు. ప్రశ్నపత్రాలు రాసుకునే పుత్తూరు పంతులమ్మా, డబ్బాల మీద చీటీలు వేసుకునే బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గుమాస్తా ఆయనకు అలా చుట్టాలైపోయారు.

ఇప్పటి గ్రూపులో ప్రశ్న వేస్తే నిమిషంలో జవాబు వస్తుంది; మంచిదే, మా రోజుల్లో రెండు మూడు రోజులు కాచుకోవాల్సి వచ్చేది. కానీ సాయంత్రానికి ఆ జవాబు వందల మాటల కింద పడి కనబడకుండా పోతుంది, మర్నాడు మరొకరు అదే అడుగుతారు, ఎవరో కుర్రవాడు విసుక్కుంటాడు. వాడి మీద నాకు కోపం రాదు. నేను కసిరిన మనిషి ముందుకు వెళ్లి నిలబడే అదృష్టం నాకు దొరికింది, వాడికి దొరకలేదు, అంతే తేడా.