మిగతా అయిదు పాళ్ళు

కుముదిని వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసింది. ఉక్కు కర్మాగారంలో ఇంజనీరైన వాసుదేవరావుని పెళ్ళాడి భిలాయి వచ్చాక, దుర్గ్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరరుగా చేరింది. పాఠం శ్రద్ధగా చెప్పేది. పిల్లలు సూత్రాలు బట్టీపట్టి పాసయ్యేవారు.

1978 వానాకాలంలో ఆమె కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ గురించి చెప్పింది. అందరినీ కొలవలేం కనక కొందరినే కొలిచి సగటు కడతాం, అసలు సగటు దానికి కాస్త ఇటూ అటూ ఎక్కడో ఉంటుందని రెండు అంకెలు చెబుతాం, ఆ మాట మీద నూటికి తొంభై అయిదు పాళ్ళు నమ్మకం, అంది. క్లాసయ్యాక మణిమాల వచ్చి నిలబడింది. భిలాయిలోనే పుట్టిన తెలుగుపిల్ల.

"మేడమ్, మిగతా అయిదు పాళ్ళూ ఎక్కడుంటాయి?"

కుముదిని పుస్తకంలోని వాక్యమే మళ్ళీ చెప్పింది. మణిమాల తలూపింది గాని, అర్థమై ఊపినట్టు లేదు. ఇంటికి వెళ్ళే బస్సులో కుముదినికి తట్టింది, ఆ వాక్యం తనకీ నోటికి వచ్చిందే తప్ప ఎన్నడూ కళ్ళకి కనబడలేదని. చూడాలి, పిల్లలకి చూపించాలి అనుకుంది.

కాలేజీలో ఉన్న అయిదువందల మంది ఎత్తూ కొలుస్తానని ప్రిన్సిపాలుని అడిగింది. సిలబస్ వెనకబడిందనీ, పరీక్షల్లో ఇదెవరూ అడగరనీ ఆవిడ కొట్టిపారేసింది. కుముదిని మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. చివరికి క్లాసులయ్యాక అయితే మీ ఇష్టం అనిపించుకుంది.

గోడకి కొలబద్ద కట్టి రోజూ కొందరిని నిలబెట్టేది. పొట్టివాళ్ళు సిగ్గుపడి తప్పించుకునేవారు. వాళ్ళని వదిలేస్తే సగటు తప్పుతుందని క్యాంటీన్ దాకా వెళ్ళి పిలుచుకొచ్చేది. ఇల్లు చేరేసరికి చీకటిపడుతోందని వాసుదేవరావు ఒకసారి విసుక్కున్నాడు. "సగంలో ఆపితే చేసినదంతా దండగండీ," అంది. ఆ తరవాత ఆయనే అన్నం వండి ఉంచేవాడు.

ఎత్తులన్నీ చీట్ల మీద రాసి పెద్ద తపేలాలో కలిపింది. అసలు సగటు నూట యాభై రెండు సెంటీమీటర్ల పైచిలుకు. అది తను తప్ప ఎవరికీ తెలియదు. క్లాసులో నలభైమందీ ఒక్కొక్కరే వచ్చి, చూడకుండా ఇరవయ్యేసి చీట్లు తీసి, రాసుకుని, తిరిగి తపేలాలో వేశారు. ఎవరి సగటు వాళ్ళు కట్టి, దానికి ఇటూ అటూ రెండేసి అంకెలు తేల్చారు. అందరి అంకెలూ బోర్డు మీదికెక్కాక కుముదిని అసలు సగటు చెప్పింది.

ముప్ఫయ్యేడుగురి అంకెల మధ్య అది ఉంది. ముగ్గురికి లేదు. ఆ ముగ్గురిలో మణిమాల ఒకతె. ఆమె అంకెలు నూట యాభై మూడు దాటాకే మొదలయ్యాయి. ఆ పిల్ల లెక్క మళ్ళీ చేసింది. అదే వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా గల్తీ ఏటో తెలవట్లేదు మేడమ్."

కుముదిని ఆ లెక్క మొదటినుంచి చివరిదాకా చూసింది. ఎక్కడా తప్పులేదు.

"నువ్వు తప్పు చెయ్యలేదమ్మా. పొడుగుపిల్లల చీట్లు నీ చేతికి ఎక్కువొచ్చాయి. నువ్వడిగిన అయిదు పాళ్ళూ ఇవే. నూరుమంది ఇలా చేస్తే ఇంచుమించు అయిదుగురికి ఇలాగే అవుతుంది."

"మరి ఆ అయిదుగురికీ తెలిసేదెలా?"

"తెలీదు. ఇక్కడ అందర్నీ కొలిచాను కాబట్టి చెప్పగలిగేను. బయట ఒక్కసారే తీస్తాం, అసలు సంగతి ఎవరూ చెప్పరు. నమ్మకం ఆ పద్ధతి మీద పెట్టుకోవాలి. చేతిలోని రెండంకెల మీద కాదు."

మణిమాల కన్నీళ్ళు తుడుచుకుని బోర్డు వంక చాలాసేపు చూసింది. తరవాత తపేలా దగ్గరికెళ్ళి, ఇంకోసారి తీస్తానంది. ఈసారి నలభై చీట్లు తీసింది. అంకెల మధ్య ఎడం తగ్గింది, అసలు సగటూ లోపలే ఉంది. అయినా ఆ పిల్ల నవ్వలేదు. అసలు సగటు మీరు చెప్పకపోతే ఇదీ తప్పిందో లేదో తెలిసేది కాదు కదా అంది. ఆ మాటకి కుముదినే నవ్వింది.

ఆ ఏడు సిలబస్ పూర్తిచెయ్యడానికి కుముదిని ఆదివారాలు కూడా క్లాసులు తీసుకోవాల్సి వచ్చింది. మణిమాల రాయపూర్‌లో పైచదువు చదివి, ఎనభైల్లో ఒక సిమెంటు కంపెనీలో సున్నపురాయి నాణ్యత చూసే ఉద్యోగంలో చేరింది. ఒక్క అంకె చాలన్న పైఅధికారికి ఆ అంకె చెప్పి, అది ఎంత ఇటూ అటూ కావచ్చో కూడా చెప్పేది. ఆయన విసుక్కున్నా ఆ రెండోమాట మానలేదు.