మారెక్క ఇల్లు లెక్కలో

కృపాకుమారి అనంతపురంలో ఎకనామిక్స్ పరిశోధనకు చేరింది 2001లో. కంబదూరు పక్క పల్లెలో కూలి చేసుకునే కుటుంబం వాళ్ళది. అమ్మా నాయనా ఇద్దరూ అప్పటికే పోయారు. హాస్టల్లో ఒక గది, డిపార్ట్‌మెంటు మూలనున్న పాత కంప్యూటరు, అంతే ఆమె లోకం.

వాన తప్పిన ఏడాది ఊళ్ళో కూలి రేటు ఎక్కడ నిలుస్తుందో కంప్యూటరుతో కనుక్కోవాలని ఆమె పట్టుదల. ముందు ఒక రేటు ఊహించాలి. ఆ రేటుకు ఊళ్ళో ఎవరుంటారో, ఎవరు బెంగళూరు పోతారో లెక్కగట్టాలి. కూలీలు మిగిలితే రేటు తగ్గించి, చాలకపోతే పెంచి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఉన్న పనికి ఉన్న మనుషులు సరిపోయినచోట లెక్క ఆగాలి.

ఆగలేదు. ఆమె ప్రోగ్రాములో ఇళ్ళన్నీ ఒకే సగటు ఇల్లు. రేటు కాస్త తగ్గిస్తే ఊరంతా బస్సెక్కేది. పెంచితే ఊరంతా దిగేది. నాలుగు నెలలు ఇదే వరస.

"ఉన్నంతవరకు థీసిస్ రాసిచ్చేయమ్మా. అంత లోతుగా ఎవరడుగుతారు?" అన్నారు గైడు జయచంద్ర. తోటివాళ్ళు ఒక్కొక్కరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఆ వేసవి ఆమె పల్లెకు వెళ్ళి, అమ్మతో కలిసి కూలికి పోయిన మారెక్క గడపలో కూర్చుంది.

"కూలి తగ్గితే అందరూ పోతారు గదా అక్కా?"

"అందరూ యాడ పోతారు పాపా? తిమ్మన్నకు ఎనుములుండాయి, పోడు. మా అత్త మంచాన పడుండాది, నేను కదల్లేను. కుళ్ళాయప్పకు ఏమీ లేదు, కూలి బాగున్నా పోతాడు. ఒగొగ ఇల్లు ఒగొగ తీరు."

రెండు నెలలు తిరిగి పల్లెలోని నాలుగు వందల ఇళ్ళూ విడివిడిగా రాసుకుంది. అనంతపురం తిరిగొచ్చి ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రోగ్రాము నడిపింది. రేటు తగ్గినకొద్దీ ఇళ్ళు ఒకటొకటిగా కదిలాయి. ముప్పై ఏడో విడతలో లెక్క నిలిచింది. లేచి వరండాలోకి వచ్చింది. మనిషన్నవాడు లేడు.

ఈ మాట చెబుదామని మరుసటి వారం పల్లెకు వెళితే మారెక్క ఇంటికి తాళం.

"ముసలమ్మ చచ్చిపోయినాక బెంగళూరు పోయింది పాపా," అన్నాడు తిమ్మన్న. "ఆడ యాడుండాదో ఎవరికీ చెప్పలేదు."

తిరిగొచ్చి ఆ ఇంటిని లెక్కలో మార్చింది. మళ్ళీ నడిపింది. కూలి రేటు పైసా కూడా కదలలేదు. నాలుగు వందల్లో ఒక్క ఇల్లు కదిలితే ఊరి రేటు ఊగకపోవడం పద్ధతి సరైనదనడానికి రుజువే. అయినా ఆమెకు ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

2005లో డిగ్రీ వచ్చింది. కళ్యాణదుర్గంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ అద్దె గదిలో ఉంటోంది. సెలవుల్లో బెంగళూరు వెళ్ళి, ఇళ్ళు కడుతున్నచోటల్లా ఆగి మారెక్క కోసం అడుగుతుంది. ఇంతవరకూ కనబడలేదు.