కేస్‌షీట్‌లో పెట్టని చీటీ

2022లో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. నరసరావుపేటలో మూత్రకోశ వ్యాధులు చూసే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను హెడ్ నర్సుని. అప్పటికి అక్కడ పదహారేళ్ల సర్వీసు నాది. డాక్టరుగారు చెయ్యి చాపితే ఆ చేతిలో ఏం పెట్టాలో ఆయన అడగకముందే తెలిసేది. వార్డులో అందరూ పెద్ద సిస్టరుగారూ అనేవారు. ఆ పిలుపంటే నాకు చాలా ఇష్టం.

ఆ ఏడాది మొదట్లో కరుణ అనే అమ్మాయి చేరింది. మాచర్ల పిల్ల. చదువు పూర్తయి రెండేళ్లు కూడా కాలేదు. నెల తిరిగేసరికి ‘ఆ చిన్న సిస్టరు చేత సూది వేయించండి’ అని పేషెంట్లు అడగడం మొదలుపెట్టారు. డాక్టరుగారు కూడా రౌండ్స్‌కి వస్తూనే “కరుణ ఏదీ?” అనసాగారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా ఆయా నా ముందే నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. దాచడమెందుకు, నాకు కుళ్లుగా ఉండేది. ఆ పిల్ల సెలైన్ పెడుతుంటే నరం దొరక్కపోతే బాగుండునని పక్క మంచం దగ్గర నిలబడి చూసేదాన్ని. ఎప్పుడూ దొరికేది.

అప్పుడే నూజెండ్ల దగ్గరి పల్లె నుంచి కోటేశ్వరి వచ్చి చేరింది. ముప్పై ఆరేళ్ల మనిషి. ఇద్దరు పిల్లలు, రెండు కాన్పులూ సిజేరియన్. ఏడాదిగా పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట. మిరప చేలో పనిచేసే ఆడవాళ్లు చాటుకు వెళ్లే చోటు లేక దాహమేసినా నీళ్లు తాగరు. కాబట్టి చూసిన ప్రతివాళ్లూ ఇది ఇన్‌ఫెక్షనే అని మందులిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మా దగ్గర స్కాన్ తీస్తే బ్లాడర్, అంటే మూత్రాశయం, వెనక గోడ మీద చిన్న గడ్డలాంటిది కనిపించింది. రిపోర్టులో ‘బ్లాడర్ లీజన్’ అని రాశారు. లీజన్ అంటే అక్కడ ఏదో తేడా ఉందని మాత్రమే. అదేమిటో ఆ మాట చెప్పదు.

ఆ సాయంత్రం కరుణ ఆమె మంచం చుట్టూ కర్టెన్ లాగి చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఒక చీటీ రాసి నా దగ్గరకు తెచ్చింది.

“అక్కా, ఈమెకి నెలసరి రోజుల్లోనే నొప్పి ఎక్కువంట. ఆ నాలుగు రోజులే మూత్రం కూడా ఎర్రగా వచ్చిద్దంట. అది నెలసరి రక్తమేలే అనుకుని ఎవరికీ చెప్పలేదంట.”

“మరి టెస్టుల్లో ఎప్పుడూ రక్తం కనపడలేదుగా?”

“ఎట్లా కనపడుద్దక్కా? ఆ రోజుల్లో వాళ్ల అత్త గడప దాటనీయదంట. తలస్నానం అయ్యాకనే ఆసుపత్రికి వస్తది. మనకిచ్చేదంతా మంచి రోజుల మూత్రమే.”

నా ఒళ్లు మండింది. మండింది ఆ పిల్ల మీద కాదు, ఆ మాట నాకు తట్టనందుకు. పదహారేళ్లుగా నెలసరిలో ఉన్నవాళ్లని ‘అయ్యాక రామ్మా’ అని వెనక్కి పంపింది నేనే. నెలసరి రక్తం మూత్రంలో కలిసి టెస్టు తప్పు చూపిస్తుందని అలా పంపడం మా పద్ధతి. పంపేముందు ఆ రోజుల్లో ఎలా ఉంటుందని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

“అవన్నీ డాక్టరుగారు అడుగుతారు. నీకెందుకు?” అన్నాను. చీటీ కేస్‌షీట్‌లో నేనే పెడతానని చెప్పి కోటు జేబులో వేసుకున్నాను.

మర్నాడు కరుణకు సెలవు. రౌండ్స్‌లో డాక్టరుగారు కోటేశ్వరి భర్త బ్రహ్మయ్యకు ఓపిగ్గానే చెప్పారు. “పాత ఇన్‌ఫెక్షన్ వల్ల గోడ వాచి ఉండొచ్చు. టీబీ కావచ్చు. గర్భసంచిలో గడ్డ ఉండి ఇటు నొక్కుతుండొచ్చు. క్యాన్సరు కూడా కావచ్చు, ఇప్పుడే చెప్పలేం. రేపు సిస్టోస్కోపీ చేసి చూద్దాం.” సిస్టోస్కోపీ అంటే మూత్రం వచ్చే దారిలో కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి లోపల చూడటం. ఇన్ని చెప్పినా బ్రహ్మయ్యకు వినిపించింది ఒక్క మాటే. ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చీటీ నా జేబులోనే ఉంది. రేపు ఎలాగూ తెలుస్తుందిగా, ఒక్కరోజుకి కొంపేం మునగదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నం కోటేశ్వరి తోడికోడలు క్యారియర్ తెచ్చింది. కోటేశ్వరి ముద్ద ముట్టలేదు. నేను పక్క మంచం దుప్పటి మారుస్తున్నాను.

“అక్కా, నాకేమన్నా అయితే మా పిల్లదాన్ని చూసుకో,” అని తోడికోడలితో అంటోంది. “దానికి ఆ రోజులొచ్చినప్పుడు బయట వరండాలో పడుకోబెట్టనీయబాక. చలికి చానా ఒణికిద్ది. అత్తమ్మ అరిచినా నీ పక్కనే పడుకోబెట్టుకో.”

దుప్పటి అక్కడే వదిలేసి డాక్టరుగారి గదికి వెళ్లాను. చీటీ ఆయన ముందు పెట్టాను.

ఆయన చదివి, “ఇదెప్పటిది?” అన్నారు.

“నిన్నటిది సార్. కరుణ ఇచ్చింది. నేనే పెట్టలేదు.”

“ఎందుకు?”

ఆయన మళ్లీ అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

“ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చు,” అన్నారు. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిది వేరేచోట పెరగడాన్ని అలా అంటారు. అది బ్లాడర్‌కు పడితే, నెలసరి వచ్చినప్పుడల్లా అక్కడా వాచి ఒక్కోసారి రక్తం కారుతుంది. సిజేరియన్ అయినవాళ్లలో అప్పుడప్పుడూ చూస్తామని చెప్పారు. ఆ రోజుల్లోనే చూస్తే బాగా కనిపిస్తుందని సిస్టోస్కోపీ వారం వాయిదా వేశారు. బ్రహ్మయ్యను పిలిచి క్యాన్సరు కాకపోవచ్చని కూడా చెప్పారు.

మర్నాడు వచ్చిన అత్తగారు మాత్రం ఆ రోజుల్లో కోడల్ని గడప దాటించడానికి ససేమిరా అంది. నచ్చజెప్పబోయిన కరుణను “నిన్నగాక మొన్న పుట్టావు, నువ్వేంది నాకు చెప్పేది?” అని కసిరింది. అప్పుడు నేను వెళ్లాను.

“పెద్దమ్మా, ఆ మైల రోజూ నా చేతులకి అంటేదే. ఈ చేతుల్తోనే ఇందాక మీకు మంచినీళ్లిచ్చా. తాగారుగా.”

ముసలామె గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. “సరేలే, తీసుకొస్తాం,” అంది. కరుణ వల్ల కానిది నా వల్ల అయిందని లోలోపల సంబరపడ్డాను. అప్పటికీ నా బుద్ధి అంతే.

వారం తర్వాత, నెలసరి రెండోరోజున కోటేశ్వరి వచ్చింది. బయటి రక్తం కలవకుండా సన్నటి గొట్టంతో నేరుగా బ్లాడర్ నుంచి మూత్రం తీశాం. ఎర్రగా వచ్చింది. కెమెరాలో నీలంగా ఉబ్బిన గడ్డ కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే డాక్టరుగారు అనుకున్నదే అని తేలింది. క్యాన్సరు కాదు. కొన్నాళ్లు హార్మోన్ మాత్రలు వాడాక గుంటూరులో ఆపరేషన్ చేసి ఆ గడ్డ వరకే తీశారు.

రిపోర్టు వచ్చిన రోజున కరుణతో చీటీ సంగతి చెప్పాను.

“మర్చిపోయారేమో అనుకున్నానక్కా,” అంది.

“మర్చిపోలేదు.”

“ఇకనుంచి నేనే పెట్టుకుంటాలే అక్కా,” అని ట్రే తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ కాగితమూ నా చేతికివ్వలేదు.

ఇప్పుడు మూత్రం ఇబ్బందితో ఏ ఆడమనిషి వచ్చినా నెలసరి తేదీ అడగనిదే నేను వదలను. ఆ రోజుల్లో ఎలా ఉంటుందో కూడా అడుగుతాను, భర్తను బయటికి పంపి మరీ. కొత్తగా చేరే పిల్లలకూ అదే చెబుతాను. కుళ్లు పోవడం మాత్రం ఈ కేసు నాకు నేర్పలేదు. ఆ కుళ్లు చేతికి పేషెంటు కాగితం ఇవ్వకూడదని నేర్పింది.

మొన్న కోటేశ్వరి కూతుర్ని వెంటబెట్టుకుని చూపించుకోవడానికి వచ్చింది. బాగుంది, కాస్త ఒళ్లు చేసింది. పిల్ల ఇప్పుడు ఏ రోజైనా లోపలే పడుకుంటోందని చెప్పి నా చేతులు పట్టుకుంది. వెంటనే నా భుజం మీదుగా లోపలికి చూసి, “చిన్న సిస్టరు లేదా?” అంది.

నాకు మండింది. వెళ్లి పిలుచుకొచ్చాను.