అక్క పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కని అక్షరాలు

మా చిన్నప్పుడు... కర్ణాటకలో పావగడ దగ్గరున్న మా వల్లూరులో కరెంటు వచ్చిందంటే చాలు, పంచలో చెనక్కాయలు వొలుస్తున్న మా అక్క చాట అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తేది. లోపల పాత చీర కప్పుకుని మా కంప్యూటర్ ఉండేది. బెంగళూరులో పనిచేసే చిన్నాయన ఎవరో వాడిన పాతది తెచ్చి ఇచ్చాడు.

మొదట్లో అక్క అందులో ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోయింది. సగంలో కరెంటు పోయింది... ఇక ఆ కంప్యూటర్ తెరుచుకోనని మొండికేసింది. ఉగాదికి చిన్నాయన వచ్చి బాగుచేసేదాకా అది చీర కిందే!

ఆయన తిరిగి వెళ్తూ అక్క చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"ఈడ కరెంటును నమ్ముకోని ఇన్‌స్టాల్ గిన్‌స్టాల్ అనద్దు పాపా. ఇది పోర్టబుల్. గుచ్చి నొక్కితే సాలు, అన్నీ దీంట్లోనే ఉండాయి."

ఆ మాటను అక్క అక్షరాలా నమ్మింది. పెన్‌డ్రైవ్‌ను నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంది. అందులో కార్డులు డిజైన్ చేసే ప్రోగ్రామ్ ఉండేది. నేను పక్కన కూర్చుని పాత కార్డులు చదివి చెప్తుంటే తను తెలుగులో టైపు చేసేది... లైను లైనుకీ సేవ్ నొక్కేది, మా కరెంటు మీద అంత నమ్మకం మరి!

అప్పటికి అక్క పీయూసీ, అంటే ఇంటర్, అయిపోయి ఇంట్లోనే ఉంది. ఆపైన చదివించే ఆలోచన ఎవరికీ లేదు. అట్లాంటప్పుడు పావగడ బస్టాండు దగ్గర కార్డులు అచ్చువేసే అంగడాయన మా నాయనతో అన్నాడు. "కన్నడ కార్డులకి మనుషులుండారు, తెలుగుకే లేరప్పా. మీ పాపను ఒక కార్డు చేసుకొని రమ్మను. బాగుంటే పనిలో పెట్టుకుంటా."

అక్క ముఖం చూడాలి ఆ రోజు... గృహప్రవేశం కార్డు ఒకటి చేసింది. చుట్టూ మామిడాకుల అంచు, పైన వినాయకుడు, మధ్యలో గుండ్రటి తెలుగు అక్షరాలు. ఎంత బాగుందో!

ఇద్దరం బస్సెక్కి పోయాం. అంగడి కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చగానే ప్రోగ్రామ్ తెరుచుకుంది. అక్క నా వైపు తిరిగి నవ్వింది. ఆ తర్వాత కార్డు తెరిచింది...

మామిడాకులున్నాయి. వినాయకుడున్నాడు. అక్షరాల చోట మాత్రం ఏవేవో ఇంగ్లీషు గుర్తులు, కామాలు, కొక్కేలు.

"ఏందమ్మా ఇది? ఒక్క ముక్కా చదివేదానికి కాలేదే!" అన్నాడాయన. అక్క మళ్ళీ మళ్ళీ తెరిచింది. పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ గుచ్చి చూసింది. ఆయన చెడ్డవాడేం కాదు. "పోనీలే తల్లీ, ఇంకా కొంచెం నేర్చుకొని రా" అని మెల్లగానే చెప్పాడు.

ఇంటికొచ్చి తెరిస్తే అక్షరాలన్నీ చక్కగా ఉన్నాయి! అక్కకు ఏమీ అర్థం కాలేదు. "నాకే చేతకాలేదులే" అని పెన్‌డ్రైవ్ తీసి గూట్లో పెట్టేసింది. మళ్ళీ ముట్టలేదు.

తర్వాత సోలార్ పార్కుకు కౌలుకిచ్చిన మా చెనక్కాయల చేనులోకి సోలార్ ప్యానెళ్ళు వచ్చాయి. పక్కూరు రాయచెర్లులో కాపురముంటున్న అక్క ఇప్పుడు ఆ ప్యానెళ్ళు తుడిచే పనికి పోతుంది. ఆ పని తక్కువదని కాదు... తను కోరుకున్నది అది కాదు, అంతే.

మొన్న మా ఆఫీసులో ఒక పాత తెలుగు ఫైలు తెరిస్తే అచ్చం అవే పిచ్చి గుర్తులు! పక్క సీటు అబ్బాయి "ఫాంట్ లేదు మేడం" అంటూ ఆ అక్షరాల ఫైలును కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. క్షణంలో తెలుగు అక్షరాలు వచ్చేశాయి. నాకు అప్పుడు అర్థమైంది... చిన్నాయన ఆ ఫాంట్‌ను మా ఇంటి కంప్యూటర్‌లో ఎక్కించి ఉంటాడు. ప్రోగ్రామ్ అక్క మెడలో పావగడకు వచ్చింది, అక్షరాలు ఇంట్లోనే ఉండిపోయాయి. అక్షరాలు ఫైలుతోనే వచ్చేటట్టు పీడీఎఫ్ చేసుకుంటే సరిపోయేది కదా అంటారేమో... అప్పట్లో మాకు ఆ పేరు కూడా తెలియదండీ.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అయితే... నేను బాగనే చేసింటినా పాపా?" అంది.

"బాగా చేసింటివక్కా" అన్నాను.

ఇప్పుడు మా ఊరి ఎండ కరెంటై ఎక్కడెక్కడికో పోతోంది. అక్క కూతురు ఫోన్‌లోనే తెలుగు కార్డులు చేసి పంపుతోంది, ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు. ఎంత సులువైపోయిందో అన్నీ... ఇన్నేళ్ళూ తనకు చేతకాలేదనుకునే బతికింది మా అక్క.

మీ ఇంట్లోనూ ఇట్లా తప్పు తమదేననుకుని ఊరుకుండిపోయిన అక్కో, అత్తో ఉంటే బాగానే చేశావని చెప్పండి... ముందు వాళ్ళకు, ఆ తర్వాత వాళ్ళ కథ ఇక్కడ కామెంట్లలో నాకు.