గొడ్లసావిట్లో చల్లిన ముగ్గు

నా చిన్నప్పుడు మాఘమాసపు పొద్దుల్లో మా ఊరు మంచులో మునిగిపోయి ఉండేది. ఉయ్యూరు నుంచి కాలవగట్టు పట్టుకుని వస్తే మా ఊరు తగిలేది. కోతలైపోయిన మాగాణుల్లో పిల్లిపెసర పచ్చగా పరుచుకుని ఉండేది. పశువుల మేత కోసం వరి కొయ్యకముందే చల్లే పైరది. దాని మీద మంచు ఎంత దట్టంగా దిగేదంటే, అందులో వాలిన కొంగలేవో మంచేదో తెలిసేది కాదు. నేను నాయనమ్మ దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని, సావిట్లో ఆవులు కూడా నాలాగే ఇంకా కలగంటున్నాయేమో అనుకునేదాన్ని. ఆ పొద్దులన్నీ నిజంగా చూశానో, కలగన్నానో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఒక్క పొద్దు సంగతి మాత్రం చెప్పగలను.

తొంభైల మొదట్లో మాట. ఇప్పుడు సీసాల మీద ఆర్గానిక్ పాలని రాసి అమ్ముతున్నారు గానీ, అప్పుడా మాట మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా నాయనమ్మ పద్ధతికి ఊళ్ళో ఉన్న పేరు చాదస్తం. పిల్లిపెసరకు పురుగు పడితే పక్క చేలవాళ్ళు మందు కొట్టేవాళ్ళు. ఆవిడ కొట్టనిచ్చేది కాదు. "గొడ్డు తినేదాని మీద మందేంట్రా, అది పాలల్లోకి రాదూ?" అనేది. పురుగుల సంగతి కొంగలూ గోరింకలూ చూసుకునేవి. మేత కోసేటప్పుడు పైర్లో కముజుపిట్ట గుడ్లు కనబడితే, ఆ చుట్టూ చాపంత మేర వదిలేసి కొయ్యాలి. ఎలుకల మందు మా గుమ్మం తొక్కకూడదు. దానికి బదులు గడ్డివాములో ఒక జెర్రిపోతు ఉండేది. మనిషంత పొడుగు, విషం లేని పాము. తవుడూ చెక్కా పెట్టుకునే మూలకు వచ్చే పందికొక్కుల్ని అదే పట్టుకునేది. నాయనమ్మ దాన్ని "జీతం అడగని పాలేరు" అనేది. వాము పక్కన దొరికిన దాని కుబుసాన్ని నేను నా పెట్టెలో దాచుకున్నాను. ఎండలో పట్టుకుంటే అది పల్చటి పట్టుచీరలా మెరిసేది.

పాలు పిండే దగ్గర ఆవిడకు ఇంకో చాదస్తం ఉండేది. ఆవుకు నాలుగు చన్నులుంటే మూడే పిండాలి. నాలుగోది దూడది. అది ఎవరూ ముట్టుకోకూడదు. తాతయ్య ఉన్నప్పుడూ అదే పద్ధతి, ఆయన పోయాకా అదే పద్ధతి.

ఆ చలికాలం మా అమ్మ పురిటికి చల్లపల్లి వెళ్ళింది. నాన్నకు ఫ్యాక్టరీలో డ్యూటీలు. నేను నాయనమ్మ పక్కలో పడుకునేదాన్ని. ఆవిడకు వేళ్ళు కొంకర్లు పోతున్నాయని పాలు పిండే పని మా బాబాయి తీసుకున్నాడు. బాబాయి మంచివాడే గానీ తొందర మనిషి. సైకిలు మీద ఉయ్యూరు వెళ్ళి ఇళ్ళకు వాడుకపాలు పోసేవాడు. మా పాలు బాగుంటాయని పేరు రావడంతో, అడిగిన వాళ్ళందరికీ సరేనని వచ్చేవాడు. ఇంటికి కొత్తగా వచ్చింది మా పిన్ని. పెళ్ళయి ఆరునెల్లయినా కాలేదు. ఆమె పుట్టింట్లో గొడ్లు లేవు. మొదట్లో ఆవు తోక విసిరినా ఉలిక్కిపడేది. అందరికంటే ముందు, ఇంకా చీకటి ఉండగానే లేచి సావిట్లో పేడ తీసి, తర్వాత పొయ్యి వెలిగించడం ఆమె పని. మాట్లాడటం తక్కువ. నవ్వినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వేది.

అలాంటి రోజుల్లో మా పుల్లావు పాలు తగ్గిపోయాయి. నిండుగా వచ్చే తప్పేలా సగానికి వచ్చింది. వాడుకల వాళ్ళకు చాలడం లేదు. ఇంకెవరైనా అయితే చెంబెడు నీళ్ళతో సర్దుకునేవాళ్ళు. మా ఇంట్లో పాలల్లో నీళ్ళు కలపడమంటే గోవును చంపినంత పాపం. బాబాయి ముఖం మాడిపోయింది. దానికి తోడు ఒక పొద్దున జెర్రిపోతు సావిట్లోంచి పాక్కుంటూ బయటికి రావడం చూశాడు.

జెర్రిపోతు ఆవు కాళ్ళకు చుట్టుకుని పాలు తాగుతుందని మా వైపు ఒక నమ్మకం. చూశామన్న వాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు, చూసినవాళ్ళను ఎరుగుదుమన్న వాళ్ళే ఉంటారు. వీధి వీధంతా వచ్చి అరుగు మీద కూర్చుని బాబాయి మాటే నిజమని తేల్చేసింది. మర్నాడు పొద్దున వాము విప్పి, పాము బయటపడగానే కర్రలతో కొట్టెయ్యాలని అనుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. పెట్టెలో ఉన్న కుబుసం తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ ఏడ్చాను. నాలాగే ఇంకొకరికి కూడా ఆ మాట పడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న పిన్ని నెమ్మదిగా, "పాపం, చంపటం ఎందుకండీ?" అంది. నలుగురి ముందు ఆమె నోరు తెరవడం నేను చూసింది అదే మొదటిసారి. "నీకేం తెలుసు గొడ్ల సంగతి? లోపలికెళ్ళు" అన్నాడు బాబాయి. ఆమె ఇంకేదో చెప్పబోయి లోపలికి వెళ్ళిపోయింది.

నాయనమ్మ వాదించలేదు. "పొద్దున నేను చెప్పేదాకా వాము మీద చెయ్యి వెయ్యకు. తర్వాత నీ ఇష్టం" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం పాలు పిండటమూ, మేత వెయ్యడమూ అయ్యాక ఆవిడ ముగ్గుడబ్బా, జల్లెడ పట్టుకుని నన్ను పిలిచింది. "ఎవరికీ చెప్పకు అమ్మడూ" అంది. ఇద్దరం సావిట్లోకి వెళ్ళాం. ఆవులు నిలబడే చోటు వదిలేసి గోడ వారన, తవుడు మూల దగ్గర, దూడ చుట్టూ, పుల్లావు వెనకాల, గుమ్మంలో నేను జల్లెడ పట్టుకుంటే ఆవిడ ముగ్గు పోసింది. అటూ ఇటూ ఊపుతుంటే పిండి కిందికి మంచులా రాలింది. ఊడ్చి అలికిన నల్లటి నేల కాసేపటికి తెల్లగా అయిపోయింది. పుల్లావు తల తిప్పి, వీళ్ళకేమైనా పిచ్చా అన్నట్టు చూసింది. పాము పాలు తాగితే దాని దారి ఆవు దగ్గరికి పోవాలి కదా, పొద్దున చూద్దాం అంది నాయనమ్మ. నేను వెనక్కి అడుగులేస్తూ బయటికొచ్చాను.

తెల్లవారుతుండగా ఆవిడ నన్ను లేపింది. బయట మంచు తప్ప ఏమీ లేదు. వంటింట్లో పొయ్యి రాజుకుంటున్న వెలుతురు ఎర్రగా కనిపించింది. లాంతరు పట్టుకుని సావిట్లోకి వెళ్ళాం. ఆవిడ లాంతరు కిందికి దించింది.

నేలంతా ఎవరెవరో వచ్చి వెళ్ళారు. గుమ్మం పక్కన కప్ప గంతులు. గోడ వారన ముంగిస గోళ్ళు. పిల్లి మెత్తటి పాదాలు, అది ఎక్కడో ఆగి కూర్చున్న చోట తోక తుడిచిన గుర్తు. గూట్లోంచి దిగిన గోరింక వేళ్ళు ముగ్గేసినంత ముద్దుగా ఉన్నాయి. మేం నిద్రపోయాక మా సావిడికి ఇంతమంది చుట్టాలొస్తారని నాకు తెలియదు. వాళ్ళందరి మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ ఒక నున్నటి గీత. మా జెర్రిపోతు. తడక సందులోంచి వచ్చి, గోడను ఆనుకుని తవుడు మూలకు పోయి, అక్కడ దేనితోనో పెనుగులాడి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పుల్లావు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నాకు అక్కడే గెంతాలనిపించింది.

అప్పుడు నాయనమ్మ లాంతరు ఇటు తిప్పింది. దూడ గిట్టలు కట్టుగొయ్య నుంచి తల్లి దాకా, మళ్ళీ కట్టుగొయ్య దాకా ఉన్నాయి. వాటి పక్కనే, అక్కడినుంచి గుమ్మం దాకా, మనిషి అడుగులు. చిన్న పాదాలు. ప్రతి పాదంలోనూ రెండో వేలి దగ్గర సన్నటి నొక్కు. మెట్టె నొక్కు. తాతయ్య పోయాక నాయనమ్మకు మెట్టెలు లేవు. అమ్మ చల్లపల్లిలో ఉంది. ఇక ఆ ఇంట్లో మెట్టెలున్న కాళ్ళు ఎవరివో నాకు కూడా తెలుసు.

నాయనమ్మ వంగి దూడ పక్కటెముకల మీద చెయ్యి వేసింది. వేళ్ళ కింద ఎముకలు లెక్కకొచ్చేలా ఉన్నాయి. బాబాయి నాలుగో చన్ను కూడా వదలకుండా పిండేస్తున్నాడని ఆవిడకు అప్పుడర్థమైంది. కొత్త వాడుకలు అక్కడినుంచి నిండుతున్నాయన్నమాట. చీకటితో పేడ తియ్యడానికి వచ్చే పిన్ని, ఆకలికి అరుస్తున్న దూడను చూడలేక కాసేపు విప్పి తల్లి దగ్గర వదిలి, మళ్ళీ కట్టేసి వెళ్తోంది. మొగుడితో చెప్పే ధైర్యం లేదు, అత్తగారితో చెప్తే మొగుడి మీద చాడీ అవుతుంది. "ఓసి పిచ్చిదానా" అంది నాయనమ్మ, గొంతు బాగా తగ్గించి.

వాకిట్లో బాబాయి దగ్గు వినిపించింది. వెనకే ఇంకెవరో కర్రలతో వస్తున్న చప్పుడు. నాయనమ్మ చటుక్కున లాంతరు నా చేతికిచ్చింది. ఆవిడవి వెడల్పాటి కాళ్ళు, మడమలు పగిలి ఉండేవి. ఆ కాళ్ళతో, పిన్ని వేసిన ఒక్కొక్క అడుగు మీద తన అడుగు వేసుకుంటూ నడిచింది. ఒక్కటి కూడా వదల్లేదు. ఆవు దాకా వెళ్ళి, మళ్ళీ కట్టుగొయ్య దాకా, అక్కడినుంచి గుమ్మం దాకా వచ్చింది. ఎవరో నిద్రలో నడుస్తున్నట్టు అంత నింపాదిగా. మెట్టెల నొక్కులన్నీ ఆ పెద్ద పాదాల కింద కలిసిపోయాయి.

బాబాయి గుమ్మంలోకి వచ్చి తెల్లటి నేలను చూసి నోరు తెరిచాడు.

"చూడు, నీ పాము దారి. తవుడు మూల దాకా వచ్చి పోయింది. ఆవు జోలికి పోలేదు" అంది నాయనమ్మ.

"మరి దూడ గిట్టలేంటి? ఎవరు విప్పారు?"

"ఇంకెవరు? నేనే. అడుగులు కనపట్టంలా?"

"నువ్వా! మరి చెప్పలేదేంటమ్మా?"

"నాలుగో చన్ను పిండుతున్నానని నువ్వు నాకు చెప్పావా?"

బాబాయి తల దించుకున్నాడు. కర్రలతో వచ్చినవాళ్ళు మంచులో ఎలా వచ్చారో అలాగే మాయమయ్యారు. ఆ పూట మూడు చన్నులే పిండారు. తర్వాత బాబాయి కొత్త వాడుకల్లో కొందరికి పాలు చాలవని చెప్పేసి వచ్చాడు. వాము విప్పలేదు. ఎండెక్కాక జెర్రిపోతు వాము మీదికొచ్చి తీరుబడిగా ఒళ్ళు ఎండబెట్టుకుంది. దాని కోసం ఇంత జరిగిందని దానికేం తెలుసు!

నాకు మాత్రం మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. పాలల్లో చుక్క నీళ్ళు కలపని మనిషి మాటలో కలిపేసిందే! మధ్యాహ్నం ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, అబద్ధం చెప్పావు కదా అని అడిగేశాను. ఆవిడ నా జుట్టులో వేళ్ళు పోనిచ్చి నవ్వింది. "మాటైనా అంతేనే అమ్మడూ. ఉన్నదంతా పిండెయ్యకూడదు. బలహీనంగా ఉన్నదానికి కాస్త వదలాలి" అంది. అప్పుడు నాకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే నోరు మూసుకున్నాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, పిన్నికి కూడా.

ఏళ్ళు గడిచాయి. నాయనమ్మ పోయినప్పుడు, పెద్దకర్మ నాటి సాయంత్రం, చుట్టాలంతా వెళ్ళాక నేనూ పిన్నీ సావిడి గుమ్మంలో కూర్చున్నాం. అప్పటికి పిన్ని ఆ ఇంటి పెద్ద దిక్కు. ఆవులు ఆమె అలికిడికే తల తిప్పేవి. ఇక దాచడం ఎందుకని ఆ పొద్దు కథంతా చెప్పాను. ముగ్గు, మెట్టెల నొక్కులు, నాయనమ్మ అడుగులు. పిన్ని ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "నాకు తెలుసే" అంది.

ఆ పొద్దున చీకట్లో సావిట్లో ముగ్గుందని ఆమె గమనించలేదు. పొయ్యి ముందు కూర్చున్నాక, మంట వెలుతుర్లో చూసుకుంటే కాళ్ళు మడమల దాకా తెల్లగా ఉన్నాయట. మెట్టెల సందుల్లో కూడా పిండి. బయట బాబాయి గొంతు వినిపిస్తోంది. పుట్టింటికి పంపించేస్తారనుకుని కాళ్ళు చీర కిందికి లాక్కుని కూర్చుందట. ఇంతలో నాయనమ్మ వంటింట్లోకి వచ్చింది. కాగులోంచి వేణ్ణీళ్ళు చెంబుతో ముంచి, "చలికి కాళ్ళు పగులుతాయమ్మా, చాపు" అంది.

"వద్దంటే వినలేదే. అత్తగారు కోడలి కాళ్ళ మీద నీళ్ళు పొయ్యటం ఎక్కడన్నా ఉందా? పిండి పోయేదాకా పోశారు. మెట్టెలు పక్కకి జరిపి మరీ కడిగారు" అంది పిన్ని. లోపల ఆవులు నెమరేస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఇప్పుడు నా జుట్టు కూడా నెరిసింది. గన్నవరం దగ్గర మాకూ నాలుగు ఆవులున్నాయి, మనుషులున్నారు, మనుషులున్న చోట తప్పులూ ఉన్నాయి. ఎవరి తప్పో నా కంటపడి, అది నలుగురిలో బయటపెట్టాలని నాలుక దురద పెట్టినప్పుడల్లా నాకు ఆ వేణ్ణీళ్ళ చెంబు గుర్తొస్తుంది. చాలాసార్లు నోరు మూసుకుని, లేచి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెడతాను.